అసలుకు సరిపోయిన నకలు

7 జులై 2008, సోమవారం

హాజరు: నేను, నీహారిక. శ్రవణ్ ఆలస్యం, కారణం చెప్పలేదు. వంకలు: లేవు.

చాదర్‌ఘాట్‌లో మా అక్క కొడుకు శశిధర్ కంప్యూటరు ఆఫీసుకు కొత్త పని వచ్చింది. మదీనా దగ్గరి డయాలసిస్ సెంటరుది. ఇకమీదట రక్తపరీక్ష రిపోర్టులు కవర్లలో రావట. ల్యాబు నుంచి కంప్యూటరు మీదే సెంటరుకు చేరతాయట. ఆ దారిలో ఒక తనిఖీ ముక్క ఉంటుంది, దాన్ని మాడ్యూల్ అంటున్నారు. రిపోర్టు మీది పేరూ నంబరూ సెంటరు పట్టీతో కలిస్తే పోనిస్తుంది, కలవకపోతే ఆపేస్తుంది. కావలివాడన్నమాట. ఆ కావలివాడి ఫైళ్ళ కట్టను సెంటరులో పెట్టేముందు సరిచూడాలి. సరిచూడటం నా మనవరాలు నీహారిక ఉద్యోగం. పైకి చదివి వినిపించడం నా పని. ఉద్యోగం అనను, నాకు జీతం లేదు, వద్దన్నాను.

నీహారికతో పనిచేసే శ్రవణ్ వస్తూనే, "అమ్మమ్మ మంత్రాలు షురూ అయినయా?" అన్నాడు.

"అయ్యాయి. బలికి నువ్వు తక్కువయ్యావు, కూర్చో" అన్నాను.

నవ్వితే నవ్వనీ. నయాపూల్ కోర్టులో నకళ్ళ సెక్షన్‌లో నా సర్వీసంతా ఇదే. తీర్పు నకలు పార్టీ చేతికి ఇచ్చేముందు ఒకరు అసలు పైకి చదవాలి, ఒకరు నకలు మీద వేలు పెట్టి చూడాలి. కామా కూడా నోటితో పలకాలి. అడుగున రాసినవారి సంతకం, పక్కన సరిచూసినవారి సంతకం. నేను చేరిన కొత్తలో ఇంకా ఉర్దూ ముద్ర ఉండేది, 'నకల్ ముతాబిక్ అసల్' అని. నకలు అసలుకు సరిపోయింది, అంతే. అంతకు మించి ఒక్క మాట అనేది కాదు ఆ ముద్ర. నా సంతకం కింద వంక దొరికిన నకలు లేదు.

శశిధర్ ఆఫీసు పెట్టిన కొత్తలో ఏదో ఫైలులో ఒక చుక్క పోయి పిల్లలంతా తలలు పట్టుకు కూర్చుంటే, ఈ పద్ధతి పెట్టుకొమ్మని చెప్పింది నేనే. ఒకసారి ఒప్పుకున్న ఫైలును 'అసలు' అని వేరుగా దాచండి. తరవాత కట్టే ప్రతి కట్టనూ దానితో పోల్చండి. చీటీ మీద రెండు సంతకాలు. అసలును ఎవరూ ముట్టకూడదు. అక్క పోయాక నా చేతి అన్నం తిని పెరిగినవాడు, మాట విన్నాడు.

9 జులై, బుధవారం

హాజరు: అందరూ. వంకలు: లేవు.

మాడ్యూల్ వివరణ ఫైలు చదివాం. ఏ ముక్క ఏ దారిలో నిలబడాలో అందులో రాసి ఉంటుంది. దాని అసలు ప్రతి శశిధర్ రాసినది. పోయినేడు కొరియర్ కంపెనీ పనికి రాసి, బాగా నడిచిందని అసలుగా దాచాడు. ఇప్పుడు పేర్లు మార్చి అదే వాడాం.

నేను చదువుతున్నాను, '<' గుర్తును కోణం అంటూ. "కోణం తెరువు. ఔట్‌ఫ్లో. ఓ పెద్దక్షరం, ఎఫ్ పెద్దక్షరం. కోణం మూయి."

"ఉన్నది" అంది నీహారిక. పెన్సిలు పైకెత్తి ఆగింది. "అమ్మమ్మా, గీడ ఔట్‌ఫ్లో ఎందుకున్నది?"

"నీ కాగితంలో ఉందా లేదా?"

"ఉన్నది."

"అయితే నడువు. మధ్యలో ఆగకు."

సెక్షన్‌లో కొత్తగా చేరిన పిల్లలకు మొదట నేర్పేది ఇదే. అర్థం చూస్తే కన్ను జారుతుంది. తీర్పు న్యాయమా అన్యాయమా అని ఆలోచించేవాడు కామా వదిలేస్తాడు.

11 జులై, శుక్రవారం

మూడుసార్లు చదివాం. మూడుసార్లూ సరిపోయింది. వంకలు: లేవు.

14 జులై, సోమవారం

సాయంత్రం ఎదురింటి సక్కుబాయి వచ్చి గడప మీద కూర్చుంది. లాడ్‌బజారు గాజులకు రాళ్ళు అతికే పని ఆమెది. మూత్రపిండాలు చెడి వారానికి రెండుసార్లు, సోమవారం, గురువారం, ఆ సెంటరులోనే రక్తం కడిగించుకుంటుంది. నీళ్ళు గ్లాసుతో ఇవ్వబోతే సగం చాలంది. లెక్క ప్రకారం తాగాలట.

"మొన్న ఏమైందో ఎరుకేనా లలితమ్మా? నా కవర్ల ఇంకో సక్కుబాయి కాగితం బెట్టిన్రు. జల్‌పల్లామెది. ఆమెకు పొటాషమో ఏందో మంచిగున్నదంట, నాకేమో ఎక్కువున్నది. గది ఎక్కువుంటె గుండె ఆగుతదంట! నర్సమ్మ నంబరు సూసి పట్టుకున్నది గాబట్టి గిట్ల నీ ముంగట కూసున్న."

"ఇక ఆ భయం లేదు. కంప్యూటరే పట్టుకుంటుంది" అన్నాను.

"నువ్వు సదివినవంట గద. ఇగ నాకేం ఫికర్" అంది.

సంతోషంగా అనిపించింది. రాసుకుంటున్నాను కాబట్టి ఉన్నదున్నట్టు రాయాలి. గర్వంగా కూడా అనిపించింది.

16 జులై, బుధవారం

హాజరు: అందరూ, శశిధర్ సహా. వంకలు: మనుషుల్లో.

నీహారిక చీటీ మీద సంతకం పెట్టనంది. అందరిముందూ.

"మామయ్యా, కట్ట సరిపోయింది, నేను కాదంటలేను. కని నడుస్తదా లేదా చూడలే. ఒక్క తప్పు రిపోర్టు పంపి చూస్త. సక్కుబాయి పేరు బెట్టి ఇంకెవలిదో నంబరేస్త. ఆపిందనుకో, గప్పుడే సంతకం పెడ్త."

"యాడ పంపుతవ్? సెంటర్ల టెస్ట్ కంప్యూటర్ లేదు. రోగుల రిపోర్టులున్న కంప్యూటర్ల దొంగ రిపోర్టు పంపుదామా?"

"రెండు దినాలియ్యి. ఈడనే సెంటరు లెక్క ఒక కంప్యూటర్ పెడ్త."

"ఇరవై అయిదుకు మాటిచ్చిన. గీ మధ్యల ఇంకో రెండు పనులున్నయ్." శశిధర్ నా వైపు చూపించాడు. "వ్యాలిడేటర్ ఓకే అన్నది. చిన్నమ్మ ఓకే అన్నది. ఇంకేం గావాలె నీకు?"

వ్యాలిడేటర్ అంటే కంప్యూటరులో ఉండే సరిచూసే సాధనం. వివరణ ఫైలులో రాసిన పేర్లన్నీ కట్టలో ఉన్నాయా లేవా చూసి చెబుతుంది. నాలాంటిదే. కాస్త తొందర ఎక్కువ.

నీహారిక నన్ను చూసింది. ఆ చూపులో ఏముందో నాకు తెలుసు. అడిగినదానికి జవాబు చెప్పాను. తెలిసి తెలిసి తప్పు కాగితం పుట్టించడం మా సెక్షన్‌లో అయితే నౌకరీ పోయే నేరం అన్నాను.

"అది కాగితం కాదమ్మమ్మా, పరీక్ష."

"పరీక్షకు రాసినా తప్పు తప్పే. ఎవరి చేతికో చిక్కితే అది పరీక్షకని వాళ్ళకెలా తెలుస్తుంది?"

శ్రవణ్ "కేస్ డిస్మిస్" అని గొణిగాడు. 

నేను ఎవరి పక్షమూ వహించలేదు. పద్ధతి పక్షం వహించాను.

18 జులై, శుక్రవారం

నీహారికను ఆ పనిలోంచి తీసి వేరే పనికి వేశాడు. ఇంట్లో మాట లేదు. నేను ఏమీ అనలేదు. అన్నది ఇంతే: పెద్దవాళ్ళ ముందు మొండికేయడం ధైర్యం కాదు, ఆరు నెలల ఉద్యోగానికి ఇంత పట్టుదల పనికిరాదు, కరీంనగర్‌లో మీ అమ్మకు నేనేం చెప్పను, నన్ను చూసైనా సంతకం పెట్టి ఉండాల్సింది.

"నిన్ను చూసే పెట్టలే" అంది.

లేచి గిన్నెలు కడిగాను.

19 జులై, శనివారం

పప్పులో ఉప్పు మరిచాను. ఇద్దరం తిన్నాం. ఎవరూ అనలేదు.

21 జులై, సోమవారం

శశిధర్ ఇంటికి వచ్చాడు. జామకాయలు తెచ్చాడు. నాకు దోరవి ఇష్టమని గుర్తుంది వాడికి.

"చిన్నమ్మా, చీటీ మీద సరిచూసినవారు అనే జాగ ఖాళీగున్నది. సెంటరోళ్ళు చీటీ అడుగుతున్నరు. నేనే చెప్పిన గదా వాళ్ళకు, మా తాన రెండు సంతకాలుంటయని."

"నేను ఆఫీసు మనిషిని కాను కదరా."

"పద్ధతే నీది. నీ సంతకం కన్నా పెద్ద సంతకం ఏమున్నది? ఈ పని నిలవడితే ఆఫీసు నిలవడ్తది. లేకుంటే శ్రవణ్ గాన్ని గూడ పొమ్మనాలె."

నీహారిక వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. కత్తిపీట కడిగిన చేతులు తుడుచుకుంటూనే ఉంది, తడి ఆరిపోయాక కూడా.

కట్ట మూడుసార్లు చదివాను. మూడుసార్లూ సరిపోయింది. సరిపోయినదానికి సంతకం పెట్టకపోవడమే తప్పు.

పెట్టాను. పూర్తి పేరుతో, తేదీతో.

23 జులై, బుధవారం

నీహారిక అన్నం దగ్గర ఒక్క ప్రశ్న అడిగింది. "అమ్మమ్మా, కోర్టుల అసలు తీర్పులనే తప్పుంటే మీరేం జేసేటోళ్ళు?"

"తప్పుతో సహా నకలు ఇచ్చేవాళ్ళం. అసలును దిద్దడం జడ్జి పని."

"మరి జడ్జికి ఎవలు చెప్పేటోళ్ళు?"

"పార్టీలు. అప్పీలుకు వెళ్ళేవాళ్ళు."

"ఇప్పుడు పార్టీ ఎవలు?"

మజ్జిగ పోశాను.

25 జులై, శుక్రవారం

సెంటరులో మాడ్యూల్ పెట్టారు. పదకొండు గంటలకు మొదటి రిపోర్టు చేరింది. శశిధర్ ఫోన్ చేశాడు, గొంతులో సంతోషం. సక్కుబాయికి చెప్పి వచ్చాను. ఆమె దండం పెట్టింది. వద్దన్నాను.

26 జులై, శనివారం

పని లేదు. చదివిన కాగితాలు చించేద్దామని తీశాను. చించలేదు.

ఔట్‌ఫ్లో అంటే బయటికి పోవడం. కావలివాడు బయటికి పోయే దారిలో నిలబడ్డాడని రాసి ఉంది. ల్యాబు నుంచి రిపోర్టు బయటికే కదా పోయేది. ల్యాబు వైపు నుంచి చూస్తే. కొరియర్ పనిలో కూడా అంతే కదా, సరుకు బయటికి పోయేముందు ముద్ర వేసేవారట.

అర్థం నా పని కాదు.

27 జులై, ఆదివారం

బోనాలు. గల్లీ అంతా డప్పులు. నీహారిక పసుపు చీర కట్టుకుని పక్కింటి పిల్లలతో లాల్‌దర్వాజ వెళ్ళి వచ్చింది. ఆ కాగితం మళ్ళీ తీశాను. మళ్ళీ లోపల పెట్టాను.

28 జులై, సోమవారం

జరిగింది జరిగినట్టు రాస్తాను. వరుస తప్పకుండా.

పొద్దున్నే సక్కుబాయి గుమ్మం ముందు నిలబడింది, సంచి భుజాన వేసుకుని. "జులూసు ఎల్తది గద లలితమ్మా, రోడ్లు బంద్ జేస్తరు. ఇప్పుడే పోయి ఆడ కూసుంట. పగటేల నా వంతు."

"రిపోర్టు కవరు తీసుకున్నావా?" అన్నాను.

"కవరేంది? ఇప్పుడంత కంపూటర్లనేనాయె. డాక్టరమ్మ దాన్ని జూసే మిషిన్ బెడ్తది. మీ పిల్ల జేసిందే గద." వెళ్ళిపోయింది. మలుపు తిరిగేదాకా చూశాను. మెల్లగా నడుస్తుంది, పాదాలు వాచి.

లోపలికి వెళ్ళాను. నీహారిక తలంటుకుని జుట్టు తుడుచుకుంటోంది. పది రోజుల తరవాత ముందుగా మాట్లాడింది నేనే.

"ల్యాబు నుంచి రిపోర్టు వస్తే అది లోపలికి రావడమా, బయటికి పోవడమా?"

తువ్వాలు ఆగింది. "సెంటర్ల మన మాడ్యూల్‌కైతే లోపలికి. 'అందింది' అని ల్యాబుకు జవాబు పోతది చూడు, గది బయటికి."

"కావలివాడు ఔట్‌ఫ్లోలో ఉన్నాడు."

"ఎరుకే." గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది. "ఆ దినం అడిగిన, నువ్వు ఆగొద్దన్నవ్. మామయ్యను అడిగిన. ల్యాబు దిక్కుకెంచి చూస్తే బయటికే గదా అన్నడు. పోయినేడు గట్లనే నడిచిందన్నడు. నాది ఆరు నెలల నౌకరీ, ఆయనది పదిహేనేండ్ల అనుభవం. ఎవరిది రైటో నడిపి చూస్తే తప్ప తెల్వదు. అందుకే గదా అంత లొల్లి జేసింది."

"మరి గట్టిగా చెప్పలేదేం?"

"నీ సంతకం పడ్డంక ఎవలింటరు అమ్మమ్మా?"

శశిధర్‌కు ఫోన్ చేశాను. వెనక తీన్‌మార్ మోగుతోంది. "చిన్నమ్మా, ఇయ్యాల ఎవ్వరు పని జేస్తరు? రేపు చూద్దాం. రెండు దినాలు మంచిగనే నడిచింది గదా, ఫికర్ జెయ్యకు" అన్నాడు. సెంటరుకు చేస్తే డాక్టరమ్మ రౌండ్స్‌లో ఉందన్నారు. కంప్యూటరు సంగతి శశిధర్ సారునే అడగాలన్నారు. రెండోసారి చేస్తే ఎత్తలేదు.

చెప్పులు వేసుకున్నాను.

శాలిబండ దగ్గరే బారికేడ్లు. ఆటోలు లేవు. వేపమండలు, పసుపునీళ్ళు, ఏనుగు వస్తుందని పిల్లల అరుపులు. నీహారిక నా మోచెయ్యి పట్టుకుంది. చార్‌మినార్ దగ్గర కానిస్టేబుల్ అడ్డుపడ్డాడు.

"అమ్మా, రోడ్ బంద్."

"రోడ్డు నాకొద్దు నాయనా. ఈ గోడ పక్కన అడుగు పట్టేంత చోటు చాలు."

"జులూసు అయినంక పో."

"ఒకామె ప్రాణం మీదికి వచ్చింది. జులూసు అయ్యాక పోతే నీకూ నాకూ మంచిది కాదు."

నా తెల్ల జుట్టు చూశాడో, నీహారిక ముఖం చూశాడో, తాడు ఎత్తాడు. గుల్జార్‌హౌజ్ దాటాక నా కాలు పట్టేసింది. అత్తరు దుకాణం అతను "బైఠో అమ్మా, పానీ పియో" అని స్టూలు వేశాడు. నీళ్ళు తాగాను. కూర్చోలేదు.

సెంటరు మెట్లెక్కేసరికి సక్కుబాయి కుర్చీలో పడుకుని ఉంది. చేతికి సూది ఇంకా పెట్టలేదు. డాక్టర్ రశ్మి ఆమె పక్కన కంప్యూటరు చూస్తోంది. సక్కుబాయి పేరు, కింద అంకెలు. పొటాషియం మామూలుగా ఉందని చూపిస్తోంది.

"ఆ అంకెలు ఆమెవేనా?" అన్నాను.

డాక్టరు చిన్నమ్మాయి, ముప్పై దాటి ఉండవు. "మీరెవరు ఆంటీ?"

"మీ దగ్గరున్న చీటీ మీద సరిచూసినవారి సంతకం నాది."

"అయితే మీరే చెప్పాలి కదా, ఆమెవేనా అని."

నీహారిక వైపు తిరిగాను.

నీహారిక చెప్పింది, నాలుగు మాటల్లో. తప్పు రిపోర్టు ఒకటి పంపి చూస్తే తేలిపోతుందని, కింద ల్యాబు వాళ్ళు పెట్టుకున్న కౌంటరు నుంచే పంపవచ్చని. డాక్టరు ఒప్పుకోలేదు. రోగి పేరు మీద తప్పు అంకెలు పెట్టనివ్వనంది. ఒక క్షణం నాకు ఊరటగా అనిపించింది. ఆమె చెప్పింది నేను చెప్పిన మాటే.

అప్పుడు నేను అన్నాను, "నా పేరు మీద పెట్టండి. నంబరు మాత్రం ఈమెది వేయండి. అంకెలు ఎవరివీ కాకుండా కల్పించి వేద్దాం. ఈమెకు సూది పెట్టకుండా ఆగండి, మీ కళ్ళముందే తీసేయండి."

చేసింది నేనే. కౌంటరు మీది కాగితం మీద నా చేత్తో రాశాను. పేరు: లలితమ్మ. నంబరు: సక్కుబాయిది. పొటాషియం ఎంత వేయాలని అడిగితే మనిషి బతకలేనంత వేయమంది డాక్టరు. వేశాను.  కౌంటరు పిల్ల దాన్ని కంప్యూటరులోకి ఎక్కించి పంపింది.

పైకి వచ్చాం. సక్కుబాయి పేజీ మీద, ఆమె అంకెల కింద, నా చావు అంకెలు కూర్చుని ఉన్నాయి. ఎవరూ ఆపలేదు. 'అందింది' అని ల్యాబుకు జవాబు కూడా పోయిందట. ఆ జవాబును మాత్రం మా కావలివాడు శ్రద్ధగా తనిఖీ చేసి పంపాడట.

డాక్టరు ఆ అంకెలు తీసేసింది. తరవాత మౌస్ వదిలేసి నర్సును పిలిచింది. "అందరివీ ఆపండి. మెయిన్ ల్యాబుకు ఫోన్ కొట్టండి, కాగితాలు కావాలి. అప్పటిదాకా ఎవరికీ మెషిన్ పెట్టొద్దు." నాతో అంది, "సిస్టం ఆపాలంటే నాకు రాతలో కావాలి ఆంటీ. మీ కంపెనీ వాళ్ళు రేపు నన్నంటారు."

కంపెనీ తరఫున రాసే అధికారం నాకు లేదు. నా సంతకం మీద మాత్రం ఉంది. రాశాను: 'నేను సరిచూసింది నకలును. అసలు తప్పు. పై చీటీ మీద నా సంతకాన్ని రద్దు చేస్తున్నాను.' తేదీ వేశాను. ఇలాంటి వాక్యం ఇంతకుముందు రాయలేదు. ఎలా మొదలుపెట్టాలో తెలియక మొదటి కాగితం పాడైంది.

ల్యాబు కాగితం రావడానికి రెండు గంటలు పట్టింది. సక్కుబాయి పక్కనే కూర్చున్నాను. ఆకలిగా ఉందంది. ఏమీ తినకూడదు. జులూసు డప్పులు కిటికీ కిందుగా పోతూనే ఉన్నాయి.

కాగితం వచ్చింది. కంప్యూటరులో ఉన్న అంకెలే. ఆమెవే. ఇవాళ తప్పేమీ జరగలేదు.

29 జులై, మంగళవారం

శశిధర్ వచ్చాడు. చెప్పులు విడవలేదు, గుమ్మంలోనే నిలబడ్డాడు.

"ఏమన్న అయిందా చిన్నమ్మా? చెప్పు, ఏమన్న అయిందా? ఒక్క రిపోర్టన్న తప్పు పోయిందా?"

"నాది పోయింది."

"నువ్వు కావాలని పంపినవ్! నాకు చెప్పకుండ, నా క్లయింటు ముంగట, నువ్వే పంపినవ్. బయటోళ్ళు జేస్తే తట్టుకుందును."

"ఔట్‌ఫ్లో అని ఎందుకు రాశావురా?"

"నేను రాసింది కొరియర్ కోసం! ఆడ కరెక్టే!" అరిచాడు. తరవాత తగ్గాడు. "అసలును ముట్టొద్దని చెప్పింది ఎవరు? ముట్టనిచ్చుంటే మార్చకపోదునా?"

నీహారిక లోపలి నుంచి వచ్చి, "మామయ్యా, నేను అడిగిన" అంది. వాడు వినిపించుకోలేదు. వెళ్ళిపోయాడు.

వాడన్నదాంట్లో సగం అబద్ధం. సగం కాదు. ఏ సగం ఏదో రాయాలని కూర్చున్నాను, రాయలేకపోయాను.

30 జులై, బుధవారం

ఆఫీసుకు వెళ్ళలేదు. రమ్మని ఎవరూ అనలేదు.

1 ఆగస్టు, శుక్రవారం

నీహారిక వెళ్ళి వస్తోంది. శశిధర్ ఫైలు మార్చాడట. కావలివాణ్ణి లోపలికి వచ్చే దారిలో పెట్టాడట. ఆఫీసులోనే సెంటరులోలాంటి కంప్యూటరు పెట్టడానికి నీహారికకు రెండు రోజులు ఇచ్చాడట. మాట్లాడటం లేదట, కంప్యూటరు మాత్రం స్వయంగా మోసుకొచ్చి పెట్టాడట.

ఇంకొకటి కూడా చెప్పింది. సెంటరు డాక్టరమ్మ కొత్త చీటీ తీసుకోదట. టూల్ ఓకే అందన్నా, ఫైళ్ళు సరిపోయాయన్నా ఆమెకు అక్కరలేదట. తన కళ్ళముందు తప్పు రిపోర్టు ఆగాలట. దాన్ని రాసేది కంపెనీ వాళ్ళు కాకూడదట.

"మరెవరు?" అన్నాను.

నీహారిక గోడ మీది క్యాలెండరు చూసింది. "ఆ సంతకం రద్దు జేసిన ఆంటీని రమ్మన్నది."

శశిధర్ ఏమన్నాడని అడిగాను. "ఏమనలే. కారు పంపిస్తనన్నడు" అంది.

4 ఆగస్టు, సోమవారం

సెంటరు. హాజరు: నేను, నీహారిక, డాక్టర్ రశ్మి, సక్కుబాయి. శశిధర్ తలుపు అవతల వరండాలో. లోపలికి రాలేదు, వెళ్ళిపోనూ లేదు.

మొన్న రాసిన కాగితమే మళ్ళీ రాశాను. నా పేరు, సక్కుబాయి నంబరు, బతకలేని అంకె. నీహారిక కిందికి తీసుకెళ్ళింది. సక్కుబాయి కుర్చీలోంచి మెడ సాచి తెర వైపు చూస్తోంది. ఆమెకు చదువు రాదు, కానీ తన పేజీ ఎలా ఉంటుందో ఇప్పటికి బాగా గుర్తుపడుతుంది.

కింది నుంచి నీహారిక కేక. "పంపినం!"

తెర కదల్లేదు. డాక్టరు పేజీని మళ్ళీ తెప్పించింది. సక్కుబాయి అంకెలే ఉన్నాయి. మళ్ళీ తెప్పించింది. అవే.  నెమ్మదిగా చేరేది కూడా ఉంటుందేమో, నాకేం తెలుసు.

"లలితమ్మా, నాకేమన్న వచ్చిందా?" అంది సక్కుబాయి.

"రాలేదు."

"రాకుంటే మంచిదా?"

"ఇవాళ మంచిదే."

మెట్ల మీద పరుగు చప్పుడు. నీహారిక తలుపు తోసుకుని వచ్చింది. ల్యాబు కంప్యూటరులో ఎర్రగా పడిందట, పేరూ నంబరూ కలవలేదు, తీసుకోను అని. వరండాలో శశిధర్ గోడకు ఆనుకున్నాడు. తల వంచుకునే ఉన్నాడు. భుజాలు మాత్రం దిగాయి.

డాక్టరు చీటీ నా ముందు పెట్టింది. సరిచూసినవారు అన్న చోట వేలు పెట్టింది. నేను నీహారిక వైపు తోశాను.

అది పెన్ను తీసుకోలేదు. "ఆగు అమ్మమ్మా. ఇది పెద్ద తప్పు, ఎవరన్న పడ్తరు. ఇంకోటి రాయి. ఈసారి పేరు సక్కుబాయి అనే పెట్టు, నంబర్ల ఒక్క అంకె మార్చు. గట్లనే గదా కౌంటర్ల తప్పులు వడేది."

కొత్త కాగితం తీశాను. పేరు రాశాను. నంబరులో ఏ అంకెను తప్పు వేస్తే ఎవరికీ అనుమానం రాదో ఆలోచిస్తూ చాలాసేపు కూర్చున్నాను. అలవాటు లేదు.